పదకొండింటికి ఎంక్వయిరీ

పది దాటి ఐదు నిమిషాలయింది. పోలీసాయన పదకొండింటికి వస్తానని చెప్పి వెళ్ళాడు, ముందే రావచ్చు, అసలు రాకపోవచ్చు, అయినా నేను తొమ్మిది నుంచే తల దువ్వి జడేసుకుని, కాలేజీ ఆఖరి రోజుకని కుట్టించుకున్న ఆకుపచ్చ పంజాబీ డ్రెస్సు వేసుకుని వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. ఒళ్ళో ఒక కవరు, అందులో రేషన్ కార్డు, టెన్త్ సర్టిఫికెట్టు, మొన్ననే వచ్చిన బీయస్సీ మార్కుల లిస్టు. కవరు చేతి చెమటకు అంటుకుంటోంది. జూన్ సగానికొచ్చినా సత్తెనపల్లి మీద ఒక్క మబ్బు లేదు. పత్తి గింజలు తెచ్చి పెట్టుకున్న రైతులంతా ఆకాశం వైపు చూస్తున్నారు, నేను వీధి మొగ వైపు చూస్తున్నాను. మెయిన్ రోడ్డు మీద పిడుగురాళ్ళ సున్నం లారీ ఒకటి పోయింది, అది పోయాక కూడా తెల్లటి దుమ్ము చాలాసేపు అక్కడే నిలబడింది, ఎందుకు నిలబడుతుంది, గాలి లేనప్పుడు కింద పడాలి కదా, రేణువు ఎంత చిన్నదైతే అంత ఆలస్యంగా పడుతుందేమో, అలాగైతే ఎప్పటికీ కింద పడని దుమ్ము కూడా ఎక్కడో ఉండాలి. చూశారా, మళ్ళీ మొదలుపెట్టాను. ఇప్పుడు ఆలోచించాల్సింది దుమ్ము గురించి కాదు. ఆయన వచ్చి కూర్చుని అడగబోయే ఒకే ఒక ప్రశ్న గురించి. పాస్‌పోర్టు ఎందుకమ్మా?

నిన్న ఆయన వచ్చినప్పుడు ఇంట్లో ఎవరం లేము. అమ్మ కుట్టిన జాకెట్లు ఇచ్చి రావడానికి ఇద్దరం బజారుకు వెళ్ళాం. తిరిగొచ్చేసరికి సగం వీధి మా గుమ్మం ముందుంది. ఎదురింటి పిచ్చమ్మత్త కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతుంది, ఆ మండే వేళ్ళతోనే నా భుజం పట్టుకుని, "మీ ఇంటికి పోలీసొచ్చాడే ఖుర్షిదా! ఏం చేశావే?" అంది. ఏం చెయ్యలేదత్తా, పాస్‌పోర్టుకి అప్లై చేశాను, నేను మంచిదాన్నో కాదో కనుక్కోవడానికి వస్తారు అన్నాను. "నువ్వు మంచిదానివో కాదో పోలీసోళ్ళకేం తెలిసిద్దే? మమ్మల్నడగాల గానీ," అంది. మిమ్మల్నే అడుగుతారు, ఇద్దరు సాక్షులు కావాలంట అన్నాను. అంతే, పిచ్చమ్మత్త ఇవాళ పని మానేసింది. తలంటుకుని, పెట్టెలోంచి తీసిన చీర మడతల గీతలు కూడా పోకుండానే కట్టుకుని, వాళ్ళ అరుగు మీద నాకెదురుగా కూర్చుంది. రెండో సాక్షి పక్కింటి చెంచురామయ్యగారు, పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు, వీధి మొత్తానికి ఫోనున్న ఇల్లు వాళ్ళదొక్కటే. ఆయన కూడా చొక్కా గుండీలన్నీ పెట్టుకుని పేపరు చదువుతున్నట్టు కూర్చున్నారు గానీ ఇందాకటి నుంచి పేజీ తిప్పలేదు. ముగ్గురం వీధిలో మూడు దిక్కుల కూర్చుని ఒకే మనిషి కోసం చూస్తున్నాం. పెళ్ళిచూపులకి కూడా ఇంతమంది ఇట్లా కూర్చోరు.

అమ్మ లోపల టీ గ్లాసులు కడుగుతోంది. అవి పొద్దున్న ఒకసారి కడిగినవే. రాత్రి నుంచి నాతో రెండే మాటలు మాట్లాడింది. ఒకటి, "పై చదువులకని చెప్పు." రెండోది, "మీ నాన్న బంగ్లాదేశ్ బార్డరు దాకా పోయిన మాట ఎత్తకు. మన పేర్లు చూసి ఇంకో నాలుగు ప్రశ్నలడుగుతారు." పై చదువులకని చెప్పడం తేలిక. విన్నవాళ్ళు తలూపుతారు, ఇంకేం అడగరు. మా వీధిలో వాసిం వాళ్ళన్నయ్యకి పాస్‌పోర్టుంది, కువైట్లో కారు నడుపుతాడు. బజార్లో చెప్పుల కొట్టాయనకుంది, హజ్‌కి వెళ్ళొచ్చాడు. డాక్టరుగారబ్బాయికుంది, చదువుకోడానికి పోయాడు. పని, దేవుడు, చదువు. ఈ మూడింట్లో ఏదో ఒకటి చేతిలో లేకుండా ఎవరూ దేశం దాటినట్టు నాకు తెలీదు, ఆడపిల్లలైతే నాలుగోది కూడా ఉంది, పెళ్ళి. నాకు ఈ నాలుగింట్లో ఏదీ లేదు. నాకున్నది ఏమిటని అడిగితే, అబద్ధం చెప్పను, ఒక మిరపకాయ ఉంది.

సెకండియర్లో వెంకటరావమ్మ మేడమ్ బోటనీ ల్యాబులో ఒక్కొక్కరికీ ఒక పచ్చి మిరపకాయ, ఒక బ్లేడు ఇచ్చి నిలువునా కొయ్యమన్నారు. గుంటూరు ఆడపిల్లలకి మిరపకాయ కొయ్యడం నేర్పిస్తున్నారని అందరం నవ్వుకున్నాం. మేడమ్ నవ్వలేదు. గింజలు దేనికి అంటుకుని ఉన్నాయో చూపించారు, బొమ్మ గీయించారు, ఆఖర్న చేతులు కడుక్కుంటూ, "ఇది మన దేశపు మొక్క కాదమ్మా. ఐదువందల ఏళ్ళ క్రితం దాకా మన దేశంలో ఎవరూ దీన్ని చూసి కూడా ఉండరు. మెక్సికో వైపు నుంచి ఓడల్లో వచ్చింది," అన్నారు. క్లాసంతా గోల. అన్నిటికంటే గట్టిగా అరిచింది నా పక్కన కూర్చున్న శ్రీరమ్య. దానిది ప్రత్తిపాడు, వాళ్ళ నాన్న వెంకటనారాయణగారు మిరప తప్ప ఇంకో పైరు వెయ్యరు. "మా తాతల తాతల నుంచీ వేస్తున్నాం మేడమ్!" అంది. "వేశారు. వాళ్ళ తాతలు వెయ్యలేదు," అన్నారు మేడమ్. ఆ రోజు హాస్టల్లో గోంగూర పచ్చడి వడ్డిస్తుంటే నాకు ముద్ద దిగలేదు. ఐదువందల ఏళ్ళ క్రితం ఈ పచ్చడి ఏ రంగులో ఉండేది? కారం అనే మాటకి అప్పుడు ఏం గుర్తొచ్చేది జనానికి? మిరియాలేనా? మిరియం లాంటి ఘాటుందని దీన్ని మిరప అన్నారేమో, కొత్తగా వచ్చిన మనిషికి పాత చుట్టం పేరు పెట్టి పిలుచుకున్నట్టు. మొట్టమొదట నోట్లో పెట్టుకున్నవాడు ఉమ్మేసి ఉంటాడు. మరి రెండోసారి ఎందుకు తిన్నాడు? ఆ రెండోసారి తిన్నవాడే నాకు కావాలి. వాడి పేరు ఎవరూ రాసి పెట్టుకోలేదు.

శ్రీరమ్య ఆ శనివారం ఇంటికెళ్ళి వాళ్ళ నాన్నకు చెప్పిందట. ఆయన, "మిరపకాయ మనది కాదంటే పక్కూరోళ్ళు కూడా ఒప్పుకోరమ్మాయ్," అని నవ్వేశారట. కానీ ఆపై వారం శ్రీరమ్య బస్సెక్కుతుంటే దగ్గరికొచ్చి మెల్లగా, "ఆళ్ళూళ్ళో దానికి ఏ పురుగు పడిద్దో, దానికి ఏం కొడతారో మీ మేడాన్ని అడిగి కనుక్కో," అన్నారట. మేడమ్‌కి తెలీదన్నారు. అయితే వెళ్ళి కనుక్కోవాలి, అంది శ్రీరమ్య. వెళ్దాం, అన్నాను నేను. అంతే. అలా మొదలయింది. ఎవరి తలలోనూ ప్రపంచ యాత్ర అనే పెద్ద మాట లేదు. ఒక పురుగు సంగతి కనుక్కోవడానికి వెళ్దామనుకున్నాం. మెక్సికో దాకా వెళ్ళేవాళ్ళం దారిలో ఉన్నవి వదిలేసి పోతామా?

లైబ్రరీలో అట్లాసు ఇంటికివ్వరు, అక్కడే చూసుకోవాలి. మేం ట్రేసింగ్ పేపరు తీసుకెళ్ళి ఒక్కో పేజీ గీసుకొచ్చి, పురుగుమందుల కొట్టువాళ్ళిచ్చిన పాత క్యాలెండరు వెనక అంటించాం. జనవరి వెనక బర్మా, మార్చి వెనక ఈజిప్టు. పందొమ్మిది దేశాలు. డిగ్రీ అయ్యాక రెండేళ్ళు ఎక్కడైనా టీచర్లుగా చేసి, ఆ తర్వాత ఏడాది పాటు తిరగడం, అదీ ప్లాను. కానీ అసలైంది క్యాలెండరు కాదు, నోటుబుక్కు. అందులో చూడాల్సిన చోట్లు రాయలేదు మేం, అడగాల్సినవి రాశాం. మంచు పడేటప్పుడు చప్పుడవుతుందా? ఎడారిలో పుట్టిన పిల్లలు మొదటిసారి వాన చూస్తే భయపడతారా? రెండు నెలలు పొద్దుగూకని ఊళ్ళో కోళ్ళు ఎప్పుడు కూస్తాయి? మనిషి మునగని ఆ ఉప్పు సముద్రంలో ఈత వచ్చినవాళ్ళు రానివాళ్ళకి ఏం నేర్పుతారు? మన దగ్గర కాకి వాలితే చుట్టాలొస్తారంటారు, కాకుల్లేని దేశంలో చుట్టాలొచ్చే ముందు ఏమవుతుంది? నిద్ర రానప్పుడు శ్రీరమ్య పై మంచం మీద నుంచి తల కిందికి వేలాడేసి, "ఒసేయ్, రాసుకో, ఇంకోటి," అనేది. దాని జడ నా ముఖం ముందు ఊగేది. నేను టార్చిలైటు వెలుగులో రాసేదాన్ని.

పది ఇరవై ఐదు. చెంచురామయ్యగారు పేజీ తిప్పారు, హమ్మయ్య. మోటర్ సైకిల్ చప్పుడు, కాదు, గ్యాసు సిలిండర్లాయన. పిచ్చమ్మత్త సగం లేచి కూర్చుంది. "ఈయన కాదే," అంది నాకేదో తెలీనట్టు.

మా నాన్న ఉంటే బాగుండేది ఇవాళ. నాన్న గౌస్ బాషా లారీ డ్రైవరు, ఇప్పుడు నాగపూర్ దారిలో ఎక్కడో ఉంటాడు. నిన్న సాయంత్రం ఏదో ఢాబా దగ్గర్నుంచి చెంచురామయ్యగారింటికి ఫోన్ చేస్తే సంగతి చెప్పాను. అడిగింది చెప్పు, అడగంది చెప్పకు, అన్నాడు. లైను కట్టయింది. నాన్నకి అన్ని సరిహద్దులూ అంతే, చెక్‌పోస్టులే. ఒకసారి గుంటూరు మిరపకాయలు వేసుకుని బంగ్లాదేశ్ బార్డరు దాకా పోయాడు. అక్కడ సరుకు వేరే లారీల్లోకి మార్చాలి, లైన్లో ఆరు రోజులు ఆగాల్సొచ్చింది. లారీ పక్కనే స్టవ్వు మీద వండుకుంటూ అవతలికి చూస్తూ కూర్చున్నాడట. నేను ఎనిమిదో తరగతి అప్పుడు. అవతల ఎట్లా ఉంది నాన్నా అంటే, "ఎట్లుండిద్ది, ఇట్నే ఉంది, అవే కొబ్బరి చెట్లు, అదే బురద," అన్నాడు. మరి వాళ్ళేం తింటారు? "మనం పంపిన మిరపకాయలు తింటారు." ఇంకేం చూశావు? చాలాసేపు ఆలోచించి చెప్పాడు. అవతల్నుంచి ఒక ముసలామె మూట నెత్తిన పెట్టుకుని నడుచుకుంటూ వచ్చి, లారీ దగ్గర ఆగి, నాన్నని ఏదో అడిగిందట. బెంగాలీ. నాన్నకి అర్థం కాలేదు. దాహమేమోనని నీళ్ళిచ్చాడు. ఆమె నీళ్ళు చూసి నవ్వి, తాగి, మళ్ళీ అదే మాట అడిగిందట. నాన్న ఎటో చెయ్యి చూపించాడు. ఆమె అటే వెళ్ళిపోయింది. "ఏం అడిగిందో ఏమో. నేను అటు పంపించా. ఎక్కడికి పోయిందో," అన్నాడు నాన్న. అక్కడున్నన్నాళ్ళూ ఆమె తిరిగి వస్తుందేమోనని చూశాడట. నాకు ఆ రోజు నుంచి ఆ ముసలామె కంటే నాన్నే ఎక్కువ గుర్తొస్తాడు, ఆ లైన్లో, స్టవ్వు ముందు, అర్థం కాని మాటొకటి నెమరేసుకుంటూ.

మా తాత అలా కాదు. మాది దూదేకులోళ్ళ ఇల్లు. తాత భుజాన దూది ఏకే విల్లు వేసుకుని క్రోసూరు, రాజుపాలెం, బెల్లంకొండ, ఎండాకాలమంతా ఊళ్ళమ్మట తిరిగేవాడు. ఎవరింట్లో పెళ్ళయితే వాళ్ళ వాకిట్లో కూర్చుని నారి మీటేవాడు, ఝుయ్ ఝుయ్‌మని, దూది ఎగిరి కనుబొమ్మల మీద వాలేది, ఇంటికొచ్చేసరికి ఇంకో ఇరవై ఏళ్ళు ముసలాడైపోయినట్టుండేవాడు. పాత పరుపు విప్పితే ఆ ఇంట్లో ఎవరు ఏ పక్కకి తిరిగి పడుకుంటారో చెప్పేవాడు. బాపట్ల వైపు ఒకసారి పనికి పోయి, అరవై ఏళ్ళ వయసులో మొదటిసారి సముద్రం చూశాడు. వచ్చి నానమ్మ మీద కేకలేశాడట. "ఇన్ని నీళ్ళున్నాయని నాకెవరూ చెప్పలేదేందే?" నానమ్మకి మాత్రం ఏం తెలుసు. తాత పోయేనాటికి నేను ఏడో క్లాసు. ఇంకో పదేళ్ళు ఉంటే ఆ అట్లాసు చూపించేదాన్ని. పేజీలో నీలం రంగంతా నీళ్ళే తాతా అంటే ఎవరి మీద కేకలేసేవాడో.

ఇవన్నీ బాగానే ఉన్నాయి. ఇవన్నీ ఎందుకు తవ్వుతున్నానో కూడా నాకు తెలుసు. ఆదివారం నాటి ఫోను దగ్గరికి పోకుండా ఉండటానికి. గుండ్రంగా తిరిగి తిరిగి వస్తున్నాను, అది మాత్రం మధ్యలో అట్లాగే కూర్చుంది. సరే. ఆదివారం చెంచురామయ్యగారు గోడ మీద నుంచి, "అమ్మాయ్, ప్రత్తిపాడు నుంచి ఫోను," అని కేకేస్తే తడి చేతులతో పరిగెత్తాను. శ్రీరమ్య. పాస్‌పోర్టు ఫారం ఇద్దరం కలిసి గుంటూరులోనే నింపాం, నాది ఇచ్చేశాను, అది ఫొటోలు సరిగ్గా రాలేదు తర్వాత ఇస్తానంది. ఇచ్చావా అన్నాను. ఇవ్వలేదు అంది. ఎప్పుడిస్తావు అన్నాను. "ఇవ్వనే," అంది. ఏం, మీ నాన్న వద్దన్నారా? "లేదే. మా నాన్న ఇంకా ఆ పురుగు గురించే అడుగుతున్నాడు." సంబంధం ఏదైనా వచ్చిందా? "అదేం లేదు." మరి? వైర్లో గాలి చప్పుడు వినపడింది. "ఖుర్షీ, నాకు ప్లాను వెయ్యడమే ఇష్టమే. వెళ్ళడం కాదు. మనం అట్లా మ్యాపులు గీస్తుంటే, నువ్వు రాస్తుంటే... నాకు అదే చాలే. నిజంగా బస్సెక్కి ఎవరూ తెలీని చోట దిగడం నా వల్ల కాదే. నీకు తెలుసనుకున్నా. నీక్కూడా అంతే అనుకున్నా."

నీక్కూడా అంతే అనుకున్నా. దాని మీద కోపం సోమవారం సాయంత్రానికే పోయింది. ఈ మాట మాత్రం పోవట్లేదు. ఎందుకంటే శ్రీరమ్య నన్ను నాకంటే ఎక్కువ చూసింది, మూడేళ్ళు ఒకే గది. నేను కూడా అంతేనా? నాకు కావాల్సింది ప్రశ్నలేనా, జవాబులు కాదా? మంచు చప్పుడు చేస్తుందో లేదో తెలిసిపోతే నాకు ఏం మిగులుతుంది? పైగా ఇద్దరిగా వేసిన ప్లానది. దారి గుర్తుపెట్టుకోవడం దాని వంతు, మాట్లాడటం నా వంతు. ఎక్కడ పడుకోవాలో అది చూస్తుంది, ఏం తినాలో నేను చూస్తాను. ఒక మనిషిని తీసేస్తే సగం ప్లాను మిగలదు, అసలు ఏం మిగలదు. నరసరావుపేట దాటి నేను ఒక్కదాన్నే ఎక్కడికీ పోలేదు ఇంతవరకూ. గుంటూరు బస్టాండులో కూడా ఎప్పుడూ పక్కన ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. ఇప్పుడా పోలీసాయన వస్తే, "సార్, అక్కర్లేదు, మనసు మార్చుకున్నాను," అంటే సరిపోతుంది. ఆయన ఆ కాగితం మీద ఏదో గీత గీసుకుని పోతాడు. అమ్మ గ్లాసులు కడగడం ఆపుతుంది. పిచ్చమ్మత్త రేపు పనికి పోతుంది. జూలైలో నేను గుంటూరులో సైన్సు టీచరుగా చేరతాను, పిల్లలకి మిరపకాయ నిలువుకోత నేర్పిస్తాను, ఇది మన దేశపు మొక్క కాదమ్మా అని చెప్తాను, ఎవరో ఒక పిల్ల గట్టిగా అరుస్తుంది. అది కూడా చెడ్డ బతుకేం కాదు. నిజంగా కాదు. మరి దాన్ని తలుచుకుంటే చెప్పు బిగుతుగా ఉన్నట్టు ఎందుకుంటుంది?

"వచ్చాడు," అంది పిచ్చమ్మత్త.

నేను చూడనేలేదు. మోపెడ్డు స్టాండు వేసి, టోపీ తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డాడాయన. యాభై దాటిన మనిషి, హెడ్ కానిస్టేబులు, చొక్కా మీద క్రీస్తుదాసు అని పేరు. గడియారం చూశాను, పదీ యాభై. ఆయన కుర్చీలో కూర్చున్నాడు, అమ్మ టీ ఇచ్చి తలుపు పక్కన నిలబడింది. చెంచురామయ్యగారు ముందుకొచ్చి తన సర్వీసు గురించి చెప్పబోతే, "సంతకం చాలండి," అన్నాడు ఆయన నవ్వి. తర్వాత పిచ్చమ్మత్త వైపు తిరిగాడు.

"ఈ అమ్మాయి నీకు ఎన్నాళ్ళ నుంచి తెలుసమ్మా?"

"పుట్టినప్పుడు బొడ్డు కోసిన మంత్రసానిని తీసుకొచ్చింది నేనే సార్."

"ఎట్లాంటి పిల్ల?"

పిచ్చమ్మత్త నా వైపు చూసింది. రాత్రంతా ఆలోచించి పెట్టుకున్న మంచి మాటలన్నీ ఆ ఒక్క క్షణంలో మర్చిపోయినట్టుంది. "అన్నీ అడిగిద్ది సార్," అంది. "మా ఇంటి కోడి ఎందుకు కూసిందో కూడా అడిగిద్ది."

ఆయన పెన్ను కాగితం మీద పెట్టి, అది ఎలా రాయాలో తెలీక, మళ్ళీ తీశాడు. "నడవడిక మంచిదేనా అని."

"అదే గదా చెప్పేది!" అంది పిచ్చమ్మత్త కోపంగా, వేలిముద్ర వెయ్యడానికి బొటనవేలు ముందుకు చాపి.

ఆ తర్వాత నా వంతు. నూర్బాషా ఖుర్షిదా, తండ్రి గౌస్ బాషా, పుట్టిన తేదీ, అన్నీ చదివి నాతో అవునవుననిపించుకున్నాడు. కేసులేమన్నా ఉన్నాయా అన్నాడు, లేవన్నాను. "ఏ దేశం?"

"చాలా దేశాలండి."

"చాలా అంటే?"

"పందొమ్మిది."

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "ఉద్యోగానికా?"

"కాదండి."

"చదువుకా?"

తలుపు పక్కన అమ్మ గాజులు ఆగిపోయాయి. రాత్రి నుంచి అమ్మ నా కోసం సిద్ధం చేసి పెట్టిన మాటది, ఔనంటే చాలు, రెండక్షరాలు. నేను ఆయన ముఖం చూశాను. ఆయన నిజంగానే అడుగుతున్నాడు. అంత నిజంగా అడుగుతున్న మనిషికి అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు. "చూడ్డానికండి," అన్నాను.

"ఏం చూడ్డానికి?"

"అక్కడ ఎట్లా ఉంటుందో."

"అక్కడ చుట్టాలున్నారా?"

"లేరండి."

"మరి నీతో ఎవరొస్తున్నారు?"

"ఎవరూ రావట్లేదండి. నేనొక్కదాన్నే."

అన్నాను. నా పేరు చెప్పినట్టే చెప్పాను. కింద చూడలేదు, ఆదివారం నుంచి ఇవాళ్టి దాకా నేను తిప్పి తిప్పి చూసి మూత తియ్యని డబ్బా అట్లా దానంతటదే తెరుచుకుంది. ఒంట్లో భయం ఉంది, లేదని కాదు, అరికాళ్ళు చల్లగా ఉన్నాయి, జూన్ నెలలో. కానీ ఆ భయం పక్కనే, దాన్ని పక్కకి తోసి తొంగిచూస్తున్నట్టు ఇంకోటి కూడా ఉంది. ఒక్కదాన్నే ఒక తెలీని ఊళ్ళో దిగితే నేను మొదట ఏ పక్కకి నడుస్తాను? అది నాకు తెలీదు. అది ఏ అట్లాసులోనూ ఉండదు. అది తెలుసుకోవాలని నాకు ఎంతగా అనిపించిందంటే, ఆయన ముందు నవ్వు వచ్చింది.

"నవ్వుతున్నావేందమ్మా?"

"ఏం లేదండి."

"ముప్ఫై ఏళ్ళ సర్వీసు నాది," అన్నాడు క్రీస్తుదాసుగారు నిదానంగా. "కువైట్ అన్నారు, అమెరికా అన్నారు, మక్కా అన్నారు, జెరూసలేం అన్నారు. ఊరికే చూడ్డానికి అన్నవాళ్ళని నేను చూడలేదు." కాసేపు ఆలోచించి కాగితం మీద టూరిజం అని రాశాడు. రాసి, అది సరిపోలేదన్నట్టు దానివైపే చూశాడు. తర్వాత తలెత్తి తలుపు వైపు తిరిగాడు. "అమ్మా, రూలు ప్రకారం మిమ్మల్ని అడగక్కర్లేదు. పిల్ల మేజరు. అయినా ఆడపిల్ల తండ్రిని నేను కూడా, అడుగుతున్నాను. మీకు ఇష్టమేనా?"

ఎండ వరండా అంచు దాకా వచ్చింది. అమ్మ కొంగు చివర చేతి చుట్టూ చుట్టుకుంది, విప్పింది. అమ్మ ఏమంటుందో నాకు నిజంగా తెలీదు. ఇరవై ఒక్క ఏళ్ళుగా చూస్తున్న మనిషి, రేపు ఏ కూర వండుతుందో కూడా చెప్పగలను, ఈ ఒక్క మాట మాత్రం ఏమంటుందో చెప్పలేను. ఆమె నోటి వైపే చూస్తున్నాను.

"నాకు ఇష్టం లేదండి," అంది అమ్మ. "ఇష్టం లేదనే రాసుకోండి." కొంగు వదిలేసింది. "పాస్‌పోర్టు మాత్రం ఇప్పించండి."

క్రీస్తుదాసుగారు అమ్మ వైపు చూశాడు. ఏమీ రాసుకోలేదు. పెన్నుకి మూత పెట్టి జేబులో తగిలించుకుని, మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగి లేచాడు. "నెల, నెలన్నర పట్టిద్దమ్మా. పోస్టులో వచ్చిద్ది," అన్నాడు. టోపీ పెట్టుకుని మోపెడ్డు తొక్కి, వీధి చివర మలుపు దగ్గర ఒకసారి వెనక్కి చూసి వెళ్ళిపోయాడు. పిచ్చమ్మత్త వేలి సిరా చీరకి అంటకుండా చెయ్యి దూరంగా పట్టుకుని, అందరికీ చూపించడానికి వీధిలోకి బయల్దేరింది. చెంచురామయ్యగారు లోపలికి పోయారు.

అమ్మ ఖాళీ గ్లాసు చేత్తో పట్టుకుని నా పక్కన వరండా మెట్టు మీదే నిలబడింది. నేను ఏదో ఒకటి అనాలి, థాంక్సని ఎలా అంటాను అమ్మతో, ఎప్పుడూ అనలేదే. అమ్మే అడిగింది.

"ఆ మెక్సికో అనేది ఎటువైపే?"

నేను చెయ్యి ఎత్తాను. ఎత్తి, ఎటు చూపించాలో తెలీక ఆగిపోయాను. అట్లాసులో అడ్డగీతలూ నిలువుగీతలూ లెక్కపెట్టి మేం ఎప్పుడో కనిపెట్టిన సంగతది, కానీ ఇట్లా సొంత వీధిలో నిలబడి ఎవరూ అడగలేదు ఇంతవరకూ. "భూమికి మన అవతలి పక్కనుందమ్మా," అన్నాను. "ఇట్లా తూర్పుగా పోయినా వస్తుంది. అట్లా పడమరగా పోయినా వస్తుంది. ఇంచుమించు అంతే దూరం."

అమ్మ నమ్మలేదు ముందు. తూర్పుగా, గుంటూరు వైపు చూసింది. తర్వాత పడమరగా, పిడుగురాళ్ళ వైపు చూసింది. మళ్ళీ తూర్పుకు. పెదాలు కదుపుతూ ఏదో కొలుచుకుంటున్నట్టు చాలాసేపు అలాగే నిలబడింది, జాకెట్టు ముక్క కత్తిరించే ముందు నిలబడినట్టే.

"అయితే ఇటు పోయి అటునుంచి రా," అంది, గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది.